వెన్నుపాము, మధ్యమెదడు: బొమ్మలో ఉన్న దారులు, మనిషిలో నడిచే దారులు

ఎంబీబీఎస్ మొదటి ఏడాది రికార్డు ఎవరిది తెరిచినా వెన్నుపాము అడ్డుకోత బొమ్మ ఒకటి ఉంటుంది. నడుమ హెచ్ అక్షరం ఆకారంలో గ్రే మ్యాటర్, అంటే నరకణాలు గుమిగూడిన బూడిదరంగు భాగం. దాని చుట్టూ తెల్లటి భాగంలో పైకి వెళ్ళే ట్రాక్టులు, అంటే నరాల తంతువుల కట్టలు, నీలం పెన్సిల్‌తో, కిందికి దిగేవి ఎర్ర పెన్సిల్‌తో. ఎర్ర గుండ్రాల్లో రూబ్రోస్పైనల్, టెక్టోస్పైనల్ అని రెండుంటాయి. రెండూ మధ్యమెదడులో పుట్టి వెన్నుపాములోకి దిగేవే. నీలం వైపు స్పైనోటెక్టల్ అని ఒక చిన్న చుక్క. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఈ మూడు పేర్లూ గడగడా చెప్తే మార్కులు పడిపోతాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ బొమ్మలో చాలా భాగం పిల్లిది. పిల్లి మెదడు మీద దశాబ్దాల పాటు జరిగిన ప్రయోగాలు అలాగే మనిషి బొమ్మలోకి ఎక్కాయి. బొమ్మలో ఎర్రగా లావుగా ఉన్న రూబ్రోస్పైనల్ మనిషిలో సన్నటి పోగు. చుక్కలా గీసి వదిలేసిన స్పైనోటెక్టల్ పరివారం మాత్రం నొప్పి విషయంలో అసలు పనిమంతురాలు. మనిషిలో మధ్యమెదడు వెన్నుపాముతో నేరుగా మాట్లాడేది తక్కువ. తన కింద ఉన్న పాన్స్‌లోనో, ఇంకా కింద వెన్నుపాముకు ఆనుకుని ఉన్న మెడుల్లాలోనో ఒక మజిలీ పెట్టుకుని, అక్కడి నుంచి మాట పంపుతుంది. నొప్పి తగ్గడం, మూత్రం ఆగడం, నడక మొదలవడం, అన్నిటి వెనుకా ఉన్నది ఈ మజిలీ ఏర్పాటే.

ముందు స్థలం సంగతి. పెద్దవాళ్ళలో వెన్నుపాము పొడవు 42 నుంచి 45 సెంటీమీటర్లు. పుర్రె అడుగున మొదలై నడుము పూసల్లో మొదటిదీ రెండోదీ కలిసే చోట ముగుస్తుంది. దాని నుంచి 31 జతల నరాలు బయటికి వస్తాయి. ఒక్కో జత బయల్దేరే ముక్క ఒక సెగ్మెంట్. మెడవి సి, ఛాతీవి టీ, నడుమువి ఎల్, నడుము కింది త్రికానివి ఎస్ అని అంకెలతో పిలుస్తారు, పూసలకూ ఇవే అక్షరాలు. మధ్యమెదడు పొడవు సుమారు 2 సెంటీమీటర్లే. కానీ పైకి వెళ్ళేదీ కిందికి వచ్చేదీ ఈ ఇరుకులోంచే పోవాలి. దీన్ని అడ్డంగా కోసి చూస్తే వెనుక వైపు టెక్టమ్, దాని మీద నాలుగు బుడిపెలు. పై జత సుపీరియర్ కొలిక్యులస్, కింది జత ఇన్ఫీరియర్ కొలిక్యులస్. టెక్టమ్ ముందు సన్నటి నీటి కాలువ, అంటే అక్విడక్ట్. కాలువ చుట్టూ ఉన్న గ్రే మ్యాటర్ పేరు పెరియాక్విడక్టల్ గ్రే. అందరూ పీఏజీ అంటారు, మనమూ అలాగే అందాం. దానికి ముందు టెగ్మెంటమ్, అందులో పై మట్టంలో రెడ్ న్యూక్లియస్. ఇంకా ముందుకొస్తే నల్లటి సబ్‌స్టాన్షియా నైగ్రా, అన్నిటికంటే ముందు క్రస్ సెరిబ్రై అనే రెండు లావాటి కాళ్ళు.

గడపకు తగిలిన బొటనవేలు

గడపకు కాలి బొటనవేలు ఠప్పున తగిలిందనుకోండి. మొదట సూదిలా ఒక చురుకు. సెకను దాటాక మండుతున్నట్టు, సలుపుతున్నట్టు రెండో నొప్పి. ఈ రెండూ వేర్వేరు తీగల మీద వస్తాయి. చురుకును మోసే ఎ-డెల్టా తంతువుల వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపును మోసే సి తంతువులకు మైలిన్ పొర లేదు కాబట్టి సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లే. బొటనవేలి నుంచి వెన్నుపాము దాకా మీటరు పైచిలుకు దూరం. సెకనుకు 15 మీటర్ల లెక్కన మొదటిది సెకనులో పదోవంతు లోపే చేరుతుంది. రెండోది అదే దూరానికి సెకను పైనే తీసుకుంటుంది. వేలు పట్టుకుని కూర్చున్నాక అసలు బాధ మొదలయ్యేది అందుకే.

ఈ తంతువుల కణదేహాలు వెన్నుపాము బయట, డార్సల్ రూట్ గ్యాంగ్లియన్‌లో ఉంటాయి. లోపలికి వచ్చిన తంతువు వెంటనే గ్రే మ్యాటర్‌లో దిగదు. లిసావర్ ట్రాక్ట్ అనే సన్నటి అంచులో ఒకటి రెండు సెగ్మెంట్లు పైకో కిందికో నడిచి, అప్పుడు గ్రే మ్యాటర్ వెనుక కొమ్మైన డార్సల్ హార్న్‌లోకి వెళ్తుంది. అక్కడి పొరలను 1952లో బ్రోర్ రెక్సెడ్ పది లామినాలుగా విడదీశాడు. అది కూడా పిల్లి వెన్నుపాములోనే! నొప్పి తంతువులు ముఖ్యంగా ఒకటి, రెండు, ఐదో లామినాల్లో ఆగుతాయి.

అక్కడ రెండో న్యూరాన్, అంటే నరకణం, అందుకుంటుంది. దాని ఆక్సాన్, అంటే పొడవాటి తంతువు, వెన్నుపాము నడి కాలువకు కాస్త ముందున్న యాంటీరియర్ వైట్ కమిషర్ గుండా అవతలి వైపుకు దాటి, ముందు-పక్క భాగంలో పైకి ఎక్కుతుంది. ఈ దాటడం ఏటవాలుగా ఒకటి రెండు సెగ్మెంట్ల మేర జరుగుతుంది. అందుకే పరీక్షలో బొడ్డు దగ్గర, అంటే టీ10 మట్టంలో సూది పోటు తెలియడం ఆగిపోయిందంటే, గాయం టీ8 దగ్గర ఉండొచ్చు. ఎంఆర్ఐ టీ10 మీదే కేంద్రీకరించి తీసి ‘ఏమీ లేదు’ అని రాసేయడం ఇలాంటి చోటే జరుగుతుంది. దాటే చోటే దెబ్బ తింటే మరో వింత: సిరింగోమైలియాలో వెన్నుపాము నడుమ నీటి తిత్తి పెరిగి ఈ అడ్డ తంతువులనే నొక్కుతుంది. భుజాల మీద శాలువా కప్పినంత మేర రెండు వైపులా వేడీ నొప్పీ తెలియవు, మామూలు స్పర్శ మాత్రం తెలుస్తుంది. వంటింట్లో చెయ్యి కాలినా గుర్తించలేని మనిషిని చూస్తే ముందు దీన్నే అనుమానించాలి.

పైకి ఎక్కే ఈ కట్టకు యాంటిరోలేటరల్ సిస్టమ్ అని పేరు. పుస్తకాల్లో దీన్ని మూడుగా విడగొడతారు: మధ్యమెదడు పైన కబుర్లు పంచే కేంద్రమైన థాలమస్‌కు వెళ్ళేది స్పైనోథాలమిక్, మెదడు కాండంలో వల లాంటి కణాల గుంపైన రెటిక్యులార్ ఫార్మేషన్‌కు వెళ్ళేది స్పైనోరెటిక్యులార్, మధ్యమెదడులో ఆగేది స్పైనోమెసెన్సెఫాలిక్. వేర్వేరు దారులన్నట్టు గీస్తారు గానీ, ఇవి కలిసే నడుస్తాయి. ఒకే ఆక్సాన్ ఒక కొమ్మ మధ్యమెదడుకు ఇచ్చి, ఇంకో కొమ్మతో థాలమస్ దాకా పోయే సందర్భాలూ ఉన్నాయి. ఎలుకల్లో నడుము భాగంలోని మొదటి లామినాలో, పైకి పంపే న్యూరాన్లను లెక్క వేస్తే తేలిన సంగతి ఇంకా ఆశ్చర్యం. దాదాపు 95 శాతం పాన్స్ పైభాగాన ఉన్న పారాబ్రేకియల్ న్యూక్లియస్‌కు కొమ్మ పంపుతాయి. సుమారు మూడో వంతు పీఏజీకి పంపుతాయి. థాలమస్‌కు చేరేవి 5 శాతం లోపే. మనిషిలో థాలమస్ వాటా ఇంతకంటే ఎక్కువ, సందేహం లేదు. అయినా నొప్పి అంటే థాలమస్, ఆపైన కార్టెక్స్ (మెదడు పై పొర) అని ఒకే గీత గీయడం ఎంత అరకొరో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎక్కడ నొప్పి అని చెప్పేది థాలమస్ దారి. దాని గురించి ఇప్పుడు ఏం చెయ్యాలి అని తేల్చే దారి మధ్యమెదడులో ఆగిపోతుంది.

ఆగేది ఒక్క చోట కాదు. కొన్ని తంతువులు సుపీరియర్ కొలిక్యులస్ లోతు పొరల్లో దిగుతాయి. ఆ కొలిక్యులస్ పై పొరల్లో కంటి ముందున్న ప్రపంచపు పటం ఉంటుంది, లోతు పొరల్లో శరీర స్పర్శ, శబ్దం వచ్చి దానితో జత కలుస్తాయి. ఎడమ భుజం మీద ఏదో పాకితే తల ఎడమకే తిరగడం ఈ జతకట్టు వల్లే. ఇంకొన్ని క్యూనిఫార్మ్ న్యూక్లియస్‌లో, ప్రీటెక్టల్ కేంద్రాల్లో దిగుతాయి. ఎక్కువ ఆసక్తికరమైనవి మాత్రం పీఏజీలో దిగేవి.

పీఏజీ గుడ్డిగా ఒకే ముద్ద కాదు. పొడవునా నాలుగు నిలువు స్తంభాలుగా పని పంచుకుంటుంది. చర్మం నుంచి వచ్చే, తప్పించుకోగల నొప్పి ఎక్కువగా పక్క స్తంభానికి చేరుతుంది. అది గుండె వేగం, రక్తపోటు పెంచి, పోరాడు లేదా పారిపో అంటుంది. కండరాల లోతు నుంచీ కడుపులోని అవయవాల నుంచీ వచ్చే నొప్పి, అంటే ఎటూ పారిపోలేని నొప్పి, ముందు-పక్క స్తంభానికి చేరుతుంది. అది రక్తపోటు తగ్గించి, కదలకుండా పడుకోబెడుతుంది. కోసుకున్న వేలిని విదిలించేవాడే మూత్రపిండంలో రాయి నొప్పికో ప్రసవం తర్వాతి నొప్పికో ఎందుకు ముడుచుకుపోతాడో... ఆగండి, రాయి నొప్పిలో మనిషి పొర్లుతాడు కదా అని అడగొచ్చు. నిజమే. స్తంభాల పంపకం జంతువుల్లో స్పష్టం, మనిషిలో ఇంత గీత గీసినట్టు ఉండదు. పెరిటొనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) రోగి మంచం మీద కదలకుండా, చెమటలు పట్టి, బీపీ పడిపోయి ఉండటానికి మాత్రం ఈ స్తంభం తన వాటా కలుపుతుందనుకోవడం సబబే.

కిందికి దిగే అదుపు

1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల పీఏజీలో ఎలక్ట్రోడ్ పెట్టి, కరెంటు ఇస్తూ, మత్తుమందు లేకుండానే పొట్ట ఆపరేషన్ చేయగలిగాడు. నొప్పి పైకి రావడమే కాదు, దాన్ని వెన్నుపాములోనే ఆపే ఏర్పాటు మెదడులో ఉందని రుజువైంది. ఆ తర్వాత 1977లో మనుషుల్లోనూ పీఏజీ దగ్గర ఉద్దీపన ఇచ్చి దీర్ఘకాలిక నొప్పి తగ్గించారు. మార్ఫిన్ జాతి మందులకు విరుగుడైన నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది. అంటే పని చేస్తున్నది శరీరపు సొంత ఓపియాయిడ్లే, మార్ఫిన్ లాంటి పదార్థాలే. 1978లో దంతాలు తీయించుకున్న రోగుల మీద చేసిన అధ్యయనంలో ఉత్తుత్తి మందుతో వచ్చిన ఉపశమనం కూడా నాలోక్సోన్‌తో తగ్గింది. ‘అంతా వాడి భ్రమ’ అని కొట్టిపారేసే వైద్యులు ఈ ఫలితం ఒకసారి చదువుకోవాలి.

దారి ఎలా పని చేస్తుందో వరుసగా చూద్దాం. పీఏజీలోని బయటికి పంపే న్యూరాన్ల మీద గాబా అనే అణిచే రసాయనం విడుదల చేసే చిన్న న్యూరాన్లు కాపలా కూర్చుంటాయి. ఎండార్ఫినో మార్ఫినో వచ్చి ఆ కాపలా న్యూరాన్ల నోరు మూయిస్తుంది. కాపలా తొలగింది కాబట్టి పంపే న్యూరాన్లు చెలరేగుతాయి. వాటి తంతువుల్లో వెన్నుపాము దాకా నేరుగా వెళ్ళేవి బహు కొద్ది. మెడుల్లా ముందు భాగంలో నడిగీతకు ఇరువైపులా ఉన్న ఆర్‌వీఎం అనే ప్రాంతంలో ఆగుతాయి. రాఫే మాగ్నస్ అందులోదే. అక్కడ రెండు రకాల కణాలు. నొప్పి తగిలి ఒళ్ళు వెనక్కి లాక్కోబోయే ముందు మూగబోయేవి ఆఫ్ కణాలు, ఆ క్షణంలో రెచ్చిపోయేవి ఆన్ కణాలు. ఆఫ్ కణాలు మేల్కొంటే నొప్పి తగ్గుతుంది, ఆన్ కణాలు మేల్కొంటే పెరుగుతుంది. ఆర్‌వీఎం తంతువులు వెన్నుపాము వెనుక-పక్క భాగంలో, డార్సోలేటరల్ ఫ్యునిక్యులస్‌లో దిగి, మళ్ళీ మనం బయల్దేరిన చోటికే, డార్సల్ హార్న్ పై పొరలకే చేరతాయి. జంతువుల్లో ఆ భాగాన్ని కోసేస్తే పీఏజీకి కరెంటిచ్చినా ఉపశమనం దాదాపు రాదు.

దీనికి సమాంతరంగా ఇంకో దారి: పాన్స్‌లోని లోకస్ సెరూలియస్, దాని పక్క కణాల నుంచి నోరాడ్రినలిన్ తంతువులు దిగుతాయి. డార్సల్ హార్న్‌లో ఇవి ఆల్ఫా-2 గ్రాహకాల మీద పని చేసి నొప్పిని నొక్కేస్తాయి. రాఫే నుంచి వచ్చే సెరోటోనిన్ ఇంత నమ్మకమైంది కాదు. ఏ గ్రాహకం మీద పడిందో దాన్ని బట్టి నొప్పి తగ్గనూ తగ్గొచ్చు, పెరగనూ పెరగొచ్చు.

ఈ తేడా మందుల చీటీలో కనబడుతుంది. డయాబెటిస్‌తో పాదాలు మండేవారికి సెరోటోనిన్ ఒక్కదాన్నే పెంచే మందులు పెద్దగా పనికిరావు. నోరాడ్రినలిన్‌నూ పెంచే డులోక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాములో, అమిట్రిప్టిలిన్ రాత్రి పూట 10–25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టో ఇస్తే పని చేస్తుంది. ‘నాకు డిప్రెషన్ లేదు, ఈ మాత్ర ఎందుకిచ్చారు?’ అని రోగి అడిగితే జవాబు ఈ దిగుడు దారిలోనే ఉంది. ట్రమడాల్ రెండు పనులూ చేస్తుంది: కొంత ఓపియాయిడ్, కొంత ఈ రసాయనాలను నిలపడం. అందుకే డులోక్సెటిన్ వాడుతున్న మనిషి మెడికల్ షాపులో ట్రమడాల్ కొనుక్కుని వేసుకుంటే సెరోటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం, కాళ్ళలో కండరాల ఎగురుడు రావచ్చు.

ఓపియాయిడ్లు నెలల తరబడి వాడితే ఇదే దారి ఎదురు తిరుగుతుంది. పీఏజీ కణాలు మందుకు అలవాటు పడతాయి, ఆర్‌వీఎంలో ఆన్ కణాల చేయి పైనవుతుంది. డోసు పెంచిన కొద్దీ నొప్పి ఇంకా విస్తరిస్తుంటే రోగం ముదిరిందని మాత్రమే అనుకోకూడదు. మందే నొప్పిని పెంచుతోందేమో చూడాలి.

మూత్రాశయం చుట్టు ప్రయాణం

వెన్నుపాము-మధ్యమెదడు దారుల్లో రోజూ అందరికీ అనుభవంలోకి వచ్చేది ఇది, పుస్తకాల్లో అన్నిటికంటే తక్కువ చోటు దొరికేదీ ఇదే. మూత్రాశయం నిండుతుంటే గోడ సాగిన కబురు ఎ-డెల్టా తంతువుల మీద త్రికం భాగంలోని ఎస్2–ఎస్4 సెగ్మెంట్లకు చేరుతుంది. అక్కడి నుంచి వెన్నుపాము పొడవునా పైకెక్కి పీఏజీకి వస్తుంది. సుమారు 150–200 మిల్లీలీటర్ల దగ్గర మొదటి కబురు, 400–500 దగ్గర ఇక ఆపలేనన్న కబురు. పీఏజీ ఒక్కటే నిర్ణయించదు. ముందు మెదడును అడుగుతుంది: ఇది సరైన చోటేనా, సమయమేనా అని. సరే అంటే పాన్స్‌లోని మూత్ర కేంద్రాన్ని కదిలిస్తుంది. 1920లలో బారింగ్టన్ పిల్లిలో గుర్తించాడు కాబట్టి దానికి ఆయన పేరే. ఆ కేంద్రం నుంచి తంతువులు మళ్ళీ త్రికం సెగ్మెంట్ల దాకా దిగి, ఏకకాలంలో రెండు పనులు చేస్తాయి: మూత్రాశయ కండరాన్ని ముడవమంటాయి, ఓనఫ్ న్యూక్లియస్‌లోని న్యూరాన్లను అణిచి స్ఫింక్టర్‌ను, అంటే మూత్రం ఆపే బిగువు కండరాన్ని, వదలమంటాయి.

గాయం ఎక్కడైతే లోపం అక్కడి తీరులో ఉంటుంది. పాన్స్ పైన, అంటే ముందు మెదడులో పక్షవాతమో పార్కిన్సన్స్ వ్యాధో ఉంటే అడిగే దిక్కు పోతుంది. కొంచెం నిండగానే పరుగెత్తాలనిపిస్తుంది, కానీ విడిచేటప్పుడు స్ఫింక్టర్ చక్కగా తెరుచుకుంటుంది. పాన్స్‌కూ త్రికానికీ మధ్య వెన్నుపాము తెగితే మూత్రాశయం ముడుచుకుంటుంది, అదే క్షణంలో స్ఫింక్టర్ కూడా బిగుసుకుంటుంది. మూసిన తలుపు మీద తోసినట్టు లోపలి పీడనం పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల నీటి పీడనం దాటి అలాగే ఉంటే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు చెడతాయి. త్రికం సెగ్మెంట్లే నలిగిపోతే మూత్రాశయం ఒట్టి సంచిలా ఉండిపోతుంది.

తెలంగాణలో తాటి చెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుల్లో ఇది కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఎత్తు మీంచి పిరుదుల మీద పడితే సాధారణంగా విరిగేది ఛాతీ పూసల చివరిదో నడుము మొదటి పూసో. పూస నంబరూ వెన్నుపాము సెగ్మెంటు నంబరూ ఒకటి కావు. ఎల్1 పూస లోపల ఉండేది వెన్నుపాము కొస, అంటే ఎస్2–ఎస్4 భాగమే. కాబట్టి ఎల్1 విరిగినవాడికి వదులైపోయిన మూత్రాశయం మిగిలే అవకాశం ఎక్కువ, టీ8 విరిగినవాడికి బిగుసుకునే మూత్రాశయం. మొదటి కొన్ని వారాలు స్పైనల్ షాక్ వల్ల, అంటే గాయం కింది రిఫ్లెక్స్‌లు మూగబోవడం వల్ల, ఇద్దరిదీ ఒకేలా వదులుగా కనిపిస్తుంది. అప్పుడు చూసి తేల్చేసి, తర్వాత మూత్రాశయ పీడనం కొలిచే యూరోడైనమిక్ పరీక్షకు పంపకపోవడం పెద్ద పొరపాటు. షాక్ తీరాక మౌనంగా ఉండే సి తంతువులు మేల్కొని కొత్త రిఫ్లెక్స్ కట్టుకుంటాయి, ప్రమాదకరమైన పీడనం అప్పుడు మొదలవుతుంది. ఏ రకమైనా 4–6 గంటలకోసారి శుభ్రమైన కాథెటర్ వేసుకుని తీసేయడం, ఒక్కోసారి వచ్చేది 500 మిల్లీలీటర్లు దాటకుండా నీళ్ళు తాగే వేళలు సర్దుకోవడం కిడ్నీలను కాపాడుతుంది.

టీ6 లేదా ఆ పైన తెగినవాళ్ళకు ఇంకో గండం ఉంది. నిండిన మూత్రాశయం నుంచి వచ్చే కబురు పైకి పోలేదు, పై నుంచి అదుపూ రాదు. గాయం కింద సింపథెటిక్ నరాలు విచ్చలవిడిగా రక్తనాళాలను బిగిస్తాయి. తల పగిలేంత నొప్పి, ముఖం మీద చెమట, గుండె నెమ్మదించడం కనిపిస్తాయి. ఇలాంటి మనిషికి మామూలు బీపీ (పై అంకె) 90–110 ఉంటుంది కాబట్టి 140 చూసి ‘కొంచెమే ఎక్కువ’ అనుకోకూడదు. మామూలు మీద 20–40 పెరిగితే అది ఎమర్జెన్సీయే. నిటారుగా కూర్చోబెట్టాలి, బిగువు బట్టలు వదులు చేయాలి, కాథెటర్ మెలిక పడిందేమో చూడాలి, ఆ తర్వాత మలబద్ధకం సంగతి. బీపీ మాత్ర ఆ తర్వాతే.

రెడ్ న్యూక్లియస్‌కు అంత పేరెందుకు?

రెడ్ న్యూక్లియస్‌లో పెద్ద కణాల భాగం, చిన్న కణాల భాగం అని రెండున్నాయి. పెద్ద కణాల ఆక్సాన్లు అక్కడే ఎదుటి వైపుకు దాటి రూబ్రోస్పైనల్‌గా దిగుతాయి, చేతులను ముడిచే కండరాలకు ఊతమిస్తాయి. పిల్లికి ఈ భాగం పెద్దది. మనిషిలో అది కుచించుకుపోయింది. 1982లో నాథన్, స్మిత్ మరణానంతరం పరీక్షించిన మానవ మెదళ్ళలో ఈ తంతువులు కొద్దిగానే కనిపించాయి, అవీ మెడ పైభాగపు సెగ్మెంట్లు దాటలేదు. మనిషిలో ఎదిగింది చిన్న కణాల భాగం. అది సెంట్రల్ టెగ్మెంటల్ ట్రాక్ట్ ద్వారా మెడుల్లాలోని ఆలివ్ అనే కేంద్రానికి, అక్కడి నుంచి సెరిబెల్లమ్‌కు (చిన్నమెదడుకు) కబుర్లు పంపుతుంది. అందుకే రెడ్ న్యూక్లియస్ చెడితే చెయ్యి పడిపోదు. ఎదుటి వైపు చేతిలో సెకనుకు 3–4 సార్లు ఊగే మొరటు వణుకు, అదీ గాయమైన వారాలకో నెలలకో మొదలవుతుంది.

టెక్టోస్పైనల్ కథా దాదాపు ఇంతే. సుపీరియర్ కొలిక్యులస్ నుంచి బయల్దేరి, వెంటనే ఎదుటికి దాటి, మెడ పైభాగంలోనే ఆగుతుంది. మెడ తిప్పే పని చాలావరకు రెటిక్యులార్ ఫార్మేషన్ నుంచి దిగే రెటిక్యులోస్పైనల్ ద్వారానే జరుగుతుంది. మళ్ళీ మజిలీయే.

1898లో షెరింగ్టన్ పిల్లి మధ్యమెదడును రెండు జతల కొలిక్యులస్‌ల మధ్య కోస్తే నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగుసుకున్నాయి. ఒక కాలికి వచ్చే డార్సల్ రూట్లు కోసేస్తే ఆ కాలు మాత్రం వదులైంది. అంటే బిగువు కండరం నుంచి వచ్చే కబురు మీద ఆధారపడింది. దీన్ని మనిషికి అన్వయించి, గాయం రెడ్ న్యూక్లియస్ పైన ఉంటే చేతులు ముడుచుకుంటాయి, కింద ఉంటే చాచుకుంటాయి అని నేర్పుతారు. పడక పక్కన గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, రూబ్రోస్పైనల్ ఇంత సన్నగా ఉన్న మనిషిలో కారణం మాత్రం అంత తేలిక కాదు.

కోమా రోగిని చూసేవాళ్ళకు కారణం కన్నా గమనింపు ముఖ్యం. గోటి పక్క వేలి కొసను నొక్కడం, ట్రపీజియస్ కండరం గిల్లడం, కనుబొమ్మ కింద నొక్కు మీద ఒత్తడం: ఒత్తిడి క్రమంగా పెంచుతూ పది సెకన్ల దాకా. చెయ్యి చురుగ్గా ఒంటికి దూరంగా పోతే స్పృహను కొలిచే గ్లాస్గో స్కేల్‌లో ఎం4 (ఎం అంటే కదలికకు ఇచ్చే మార్కు). నెమ్మదిగా, ప్రతిసారీ ఒకే తీరులో ఛాతీ మీదికి ముడుచుకుని, బొటనవేలు పిడికిట్లో దాగి, కాలు చాచుకుంటే ఎం3. మోచెయ్యి చాచుకుని ముంజేయి లోపలికి తిరిగితే ఎం2. ఉదయం ఎం3 ఉన్న మనిషి మధ్యాహ్నానికి ఎం2 అయి, ఒక కంటిపాప పెద్దదవుతోందంటే పుర్రె లోపలి ఒత్తిడి మధ్యమెదడును కిందికి తోస్తోందన్నమాట. కేసు షీట్లో ‘డిసెరిబ్రేట్’ (చేతులు చాచుకునే తీరు) అని ఒక్క మాట రాసే బదులు ఏ చెయ్యి ఏం చేసిందో రాస్తే రాత్రి డ్యూటీకి వచ్చే డాక్టర్ మార్పును పట్టుకోగలడు.

నడక గురించి కొంచెం. 1966లో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ మెదడు పైభాగం వేరు చేసిన పిల్లిని ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి, మధ్యమెదడులో క్యూనిఫార్మ్ న్యూక్లియస్ పరిసరాల్లో కరెంటిస్తే అది నడిచింది. కరెంటు పెంచితే దుడుకు నడక, ఇంకా పెంచితే పరుగు. కబురు మెడుల్లా రెటిక్యులార్ కణాల మీదుగా వెన్నుపాముకు దిగి, అడుగుల లయ పుట్టించే న్యూరాన్ల గుంపును లేపుతుంది. పార్కిన్సన్స్‌లో గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయే రోగులకు పక్కనే ఉన్న పెడంక్యులోపాంటైన్ న్యూక్లియస్‌లో ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు. కొందరికి పడిపోవడం తగ్గింది, చాలామందికి ఆశించినంత లాభం రాలేదు. అంగుళంలో చిన్న భాగమంత లక్ష్యం, చుట్టూ వేరే దారులు. ఎలక్ట్రోడ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా కథ మారుతుంది.

ఆగకుండా దాటిపోయేవి

కార్టికోస్పైనల్ తంతువులు క్రస్ మధ్య భాగంలో ప్రయాణిస్తాయి, ముఖానివి లోపలి వైపు, కాలివి బయటి వైపు. మెడుల్లా అడుగున గానీ ఇవి దాటవు. నొప్పి తంతువులు వెన్నుపాములోనే దాటేశాయి, స్పర్శ తంతువులు మెడుల్లాలో దాటేశాయి. అందుకే మధ్యమెదడులో ఒక పక్క దెబ్బ తింటే చేతికాళ్ళ బలహీనత, స్పర్శ లోపం రెండూ ఎదుటి వైపే. మూడో కపాల నరం మాత్రం అదే వైపు. కుడి కనురెప్ప వాలి, కంటిపాప పెద్దదై, ఎడమ చెయ్యి కాలు పడిపోతే గాయం కుడి క్రస్ దగ్గరే. వెబర్ సిండ్రోమ్ అంటారు.

దీనికో మోసకారి మినహాయింపు ఉంది. కుడి వైపు పుర్రె లోపల రక్తపు గడ్డ పెరిగి మధ్యమెదడును ఎడమకు తోస్తే, ఎడమ క్రస్ టెంటోరియం అనే గట్టి పొర అంచుకు ఒరుసుకుని నలుగుతుంది. అప్పుడు గడ్డ ఉన్న కుడి వైపే చేతికాళ్ళు బలహీనపడతాయి. 1929లో కెర్నోహాన్, వోల్ట్‌మన్ వర్ణించిన ఈ నొక్కు, సీటీ స్కాన్ లేని రోజుల్లో సర్జన్లు తప్పు వైపు పుర్రె తెరవడానికి కారణమయ్యేది. కండరాల బలం కన్నా కంటిపాపను నమ్మడం మేలు.

దారిని కోస్తే

క్యాన్సర్ నొప్పి ఏ మందుకూ లొంగనప్పుడు యాంటిరోలేటరల్ కట్టను కోసేయడం శతాబ్దం పైబడిన పద్ధతి. ఇప్పుడు చేసేది సీటీ చూస్తూ మెడ పక్క నుంచి సి1–సి2 మధ్య సూది దించి, రేడియోఫ్రీక్వెన్సీతో కాల్చడం. నొప్పి కుడి కాలిలో ఉంటే సూది ఎడమ వైపు నుంచి. వెన్నుపామును పక్కల పట్టి ఉంచే డెంటేట్ లిగమెంటే హద్దు. దాని ముందు నొప్పి దారి, వెనుక కార్టికోస్పైనల్. రోగి మేలుకునే ఉంటాడు. కాల్చే ముందు 100 హెర్ట్జ్ కరెంటిస్తే ఎదుటి కాలిలో వెచ్చగానో చల్లగానో తెలియాలి. తక్కువ హెర్ట్జ్‌లో సూది వైపు చెయ్యో కాలో ఎగిరితే సూది వెనక్కి పోయింది, కాల్చకూడదు. త్రికం, కాలి తంతువులు బయటి అంచున, చేతివి లోపలి వైపు ఉంటాయి కాబట్టి చేతి నొప్పికి సూది ఇంకా లోపలికి పోవాలి. ఊపిరి నడిపే రెటిక్యులోస్పైనల్ తంతువులు ఆ పక్కనే ఉన్నాయి. రెండు వైపులా చేస్తే నిద్రలో ఊపిరి ఆగిపోయే ప్రమాదం అందుకే. అవతలి ఊపిరితిత్తి ఇప్పటికే చెడినవారి విషయంలో ఒక వైపు చేయడానికి కూడా వెనకాడాలి.

తల, మెడ క్యాన్సర్లకు సి1–సి2 కోత సరిపోదు, ముఖపు నొప్పి దారి పైన కలుస్తుంది. అలాంటివారికి సుపీరియర్ కొలిక్యులస్ మట్టంలో మధ్యమెదడులోనే కాల్చే ఆపరేషన్ ఉండేది, ఇప్పుడూ అరుదుగా చేస్తారు. అక్కడ స్పైనోథాలమిక్, పీఏజీకి మళ్ళే తంతువులు పక్కపక్కనే ఉంటాయి. రెండో రకాన్నీ కలిపి కాలిస్తే నొప్పితో పాటు దాని వేదన కూడా తగ్గుతుంది. తప్పు ఎక్కువగా రెండు విధాలుగా జరుగుతుంది: కళ్ళు పైకి ఎత్తలేకపోవడం, కాల్చిన చోటికి ఎదుటి వైపు ఒళ్ళంతా మంటగా మారడం.

సి1–సి2 కోత తర్వాత మొదటి రోజు రోగి హాయిగా నిద్రపోతాడు. నెలలకో ఏడాది రెండేళ్ళకో నొప్పి తిరిగి వచ్చేవారు చాలామందే ఉంటారు. కోసిన తంతువులు మొలవవు. దాటకుండా అదే వైపు ఎక్కే కొద్దిపాటి తంతువులు, మొదటి లామినా నుంచి డార్సోలేటరల్ భాగంలో ఎక్కేవి, కటి అవయవాల నొప్పిని డార్సల్ కాలమ్ నడి అంచున మోసుకెళ్ళేవి నెమ్మదిగా బలపడతాయి. అందుకే ఈ కోతను ఆయువు నెలల్లో లెక్కించే క్యాన్సర్ రోగులకే దాచి ఉంచుతారు, నడుము నొప్పికో మోకాళ్ళ నొప్పికో చేయరు. ఒప్పుకునే ముందు రోగికీ ఇంట్లోవాళ్ళకూ మూడు సంగతులు విడమరిచి చెప్పాలి: కోత వల్ల నొప్పి ఉన్న వైపు వేడినీళ్ళు తెలియవు కాబట్టి స్నానానికి నీళ్ళు మరొకరు పట్టి చూడాలి, ఇన్నాళ్ళూ నొప్పి చాటున దాగిన రెండో వైపు నొప్పి బయటపడొచ్చు, మార్ఫిన్ ఒక్కసారిగా మానేయకూడదు. నొప్పి పోయిన తర్వాత పాత డోసు ఊపిరిని అణచేస్తుంది, పూర్తిగా ఆపితే విత్‌డ్రాయల్, అంటే మందు మానేసినందుకు వచ్చే బాధ, వస్తుంది. కాబట్టి ఆపరేషన్ రోజు నుంచే డోసు బాగా తగ్గించి, ఊపిరి గమనిస్తూ, కొన్ని రోజుల్లో మెట్లు మెట్లుగా దించుతారు.